మీ ఊరి వృద్ధాశ్రమంపై ఎవరి కన్నుంది? మున్సిపాలిటీతో, కలెక్టరేట్‌తో పని చేయించే పద్ధతి

వృద్ధాశ్రమం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది పుట్టినరోజు అన్నదానం. పులిహోర, పరమాన్నం పెట్టించి, ఓ ఫొటో దిగి స్టేటస్‌లో పెట్టుకుని వచ్చేస్తాం. తప్పేమీ లేదు. కానీ అక్కడున్న ఆ గంటసేపట్లో బాత్‌రూమ్‌లో గోడకు పట్టుకునే కమ్మీ ఉందా, అర్ధరాత్రి ఎవరైనా జారిపడితే లేపే మనిషి ఉన్నాడా అని చూసేవాళ్లు ఎందరు? చూసి, మనసు ఆగక అడిగినవాళ్లకు కూడా తరచుగా ఎదురయ్యే జవాబు ఒకటే: "అది మా పరిధిలోకి రాదండీ."

నిజానికి ఆ జవాబు చాలాసార్లు సగం నిజం. మన రెండు రాష్ట్రాల్లోనూ వృద్ధాశ్రమాన్ని మొత్తంగా చూసుకునే ఆఫీసు ఒక్కటంటూ లేదు. భవనం, డ్రైనేజీ, నీళ్లు ఒకరివి. వృద్ధుల సంక్షేమం మరొకరిది. వంటగది ఇంకొకరిది. ఏ ముక్క ఎవరిదో తెలుసుకుని, ఆ ముక్క గురించి మాత్రమే ఆ ఆఫీసును కాగితం మీద అడిగితే తప్పించుకునే దారి తగ్గుతుంది. కింద రాసిందంతా అందుకే. కాలనీ సంఘంలో ఉన్నవాళ్లకైనా, కొత్తగా గెలిచిన కౌన్సిలర్‌కైనా, అమ్మనో నాన్ననో ఆశ్రమంలో ఉంచాల్సి వచ్చిన కొడుకు, కూతుళ్లకైనా పనికొస్తుంది.

మొదటి అడుగు: అది ఏ రకం ఇల్లో తేల్చుకోండి

బోర్డు మీద అన్నీ "వృద్ధాశ్రమం" అనే ఉంటాయి. లోపల మాత్రం నాలుగు రకాలు. ప్రభుత్వమే నడిపేవి కొన్ని. కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపేవి కొన్ని; ఈ గ్రాంటు 2021 నుంచి అటల్ వయో అభ్యుదయ యోజన కింద వస్తోంది. దాతల మీదే ఆధారపడి నడిచేవి చాలా ఉన్నాయి. నెలకు ఇంతని తీసుకుని నడిపే ప్రైవేటు ఇళ్లు ఇప్పుడు ప్రతి పట్టణంలోనూ కనిపిస్తున్నాయి.

ఈ తేడా ఎందుకంటే, ప్రభుత్వ డబ్బు గణనీయంగా అందే సంస్థను సమాచార హక్కు చట్టం కింద నేరుగా అడగొచ్చు. పూర్తి ప్రైవేటు ఇంటిని నేరుగా అడగలేం గానీ, దాని గురించి ప్రభుత్వ ఆఫీసు దగ్గరున్న ఫైళ్లను అడగొచ్చు. దాని నుంచి చట్టప్రకారం ఆ ఆఫీసు రాబట్టగలిగిన వివరాలను కూడా అడగొచ్చు. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు. "ప్రైవేటుది సార్, మేం చెప్పలేం" అనగానే వెనక్కి వచ్చేస్తారు.

పెద్దవాళ్ల కోసమని ఫ్లాట్లు అమ్మే రిటైర్‌మెంట్ ప్రాజెక్టుల దారి వేరు. చెప్పిన సమయానికి కట్టకపోయినా, బ్రోచర్‌లో ఉన్న సౌకర్యం ఇవ్వకపోయినా ఆ గొడవ రెరాలో (స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థలో) తేల్చుకోవాలి. దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

రెండో అడుగు: చట్టం ఎంతవరకు చెబుతుందో తెలుసుకోండి

ఆధారం 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. అరవై నిండినవాళ్లంతా ఈ చట్టం లెక్కలో వయోవృద్ధులే. ఇందులో 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులు ఉండగలిగేలా ఆశ్రమాలు కట్టడం గురించి చెబుతుంది. అయితే ఆ వాక్యం రాష్ట్ర ప్రభుత్వం "కట్టవచ్చు" అన్న ధోరణిలోనే ఉంది, "కట్టి తీరాలి" అని లేదు. ఆ ఒక్క సడలింపు వల్లే చాలా జిల్లాల్లో ఈ పని కాగితం మీదే ఉండిపోయిందని నా అభిప్రాయం.

ప్రైవేటు ఆశ్రమాలు తప్పనిసరిగా రిజిస్టర్ కావాలన్న మాట కూడా ఆ కేంద్ర చట్టంలో లేదు. ఆ లోటు తీర్చడానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది పాస్ కాకుండానే 2024లో ఆ సభ రద్దవడంతో మురిగిపోయింది. కాబట్టి "రిజిస్ట్రేషన్ ఏదీ?" అని ఆశ్రమం మేనేజరును నిలదీస్తే ఆయన సొసైటీ కాగితమో ట్రస్టు డీడో చూపిస్తాడు. ఆ సంస్థ పుట్టిందనడానికే అది రుజువు. లోపల వసతి బాగుందనడానికి కాదు.

మరి దేన్ని కొలతగా పెట్టుకోవాలి? ఆ చట్టం కింద కేంద్రం తయారుచేసిన నమూనా నిబంధనలున్నాయి. పడకగదిలో మనిషికి 7.5 చదరపు మీటర్లు, వంటగది, భోజనశాల వంటివి కలుపుకుని మనిషికి 12 చదరపు మీటర్లు ఉండాలని వాటిలో ఉంది. మగవాళ్లకూ ఆడవాళ్లకూ విడిగా గదులు, వికలాంగులకు వీలైన మరుగుదొడ్లు, ర్యాంపులు, పట్టుకునే కమ్మీలు, ప్రథమ చికిత్స, జబ్బు చేసినవాళ్లకు విడిగా గది, కాలక్షేపానికి టీవీ, పేపర్లు కూడా వాటిలో ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఈ చట్టానికి 2011లో నిబంధనలు వచ్చాయి. మీరు ఏ అర్జీ రాసినా ఈ కొలతలను దగ్గర పెట్టుకుని రాయండి. "సౌకర్యాలు బాగోలేవు" అన్న వాక్యానికి ఏ అధికారీ కదలడు. "పది మంది పడుకునే హాలు నలభై చదరపు మీటర్లే ఉంది" అంటే కొలవడానికి ఎవరో ఒకరు టేపు పట్టుకుని రావాల్సిందే.

ఇక ఎవరి ముక్క ఎవరిదంటే, చట్టం అమలు బాధ్యత 22వ సెక్షన్ ప్రకారం కలెక్టర్‌కు అప్పగించవచ్చు. వృద్ధుల ప్రాణానికీ ఆస్తికీ రక్షణ కోసం కార్యాచరణ ప్రణాళిక ఉండాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. కలెక్టర్ కింద జిల్లా సంక్షేమ శాఖలో వయోవృద్ధుల పని చూసే అధికారి ఉంటారు. భవన అనుమతి, ఆస్తి పన్ను, మంచినీళ్లు, డ్రైనేజీ, చెత్త, దోమలు, వీధి దీపాలు మున్సిపాలిటీవి. వంటగది శుభ్రత ఫుడ్ సేఫ్టీ అధికారిది. మంటల భద్రత అగ్నిమాపక శాఖది. మానసిక జబ్బు ఉన్నవాళ్లను చేర్చుకుని చికిత్స చేస్తున్నారంటే 2017 మానసిక ఆరోగ్య చట్టం వర్తిస్తుంది, దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి.

మూడో అడుగు: వెళ్లి చూడండి, కానీ తనిఖీ దళంలా కాదు

ఇదే అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడే ఎక్కువమంది పని చెడగొట్టుకుంటారు. పదిమంది కలిసి, యూట్యూబ్ చానల్ కెమెరాతో వెళ్లి గేటు దగ్గర గొడవ చేస్తే ఆ సాయంత్రం వీడియో వస్తుంది. మర్నాటి నుంచి లోపలి పెద్దవాళ్ల నోళ్లు మూతపడతాయి. తిండీ మంచమూ ఇచ్చేవాడి మీద ఎవరు మాత్రం ధైర్యంగా మాట్లాడతారు? మనం వచ్చేస్తాం, వాళ్లు అక్కడే ఉండాలి.

ఇద్దరు వెళ్లండి, వారిలో ఒకరు ఆడమనిషి అయితే మేలు. నిర్వాహకుల అనుమతి తీసుకోండి. అన్నదానం రోజున వెళ్లొద్దు, ఆ రోజు అంతా కడిగి ముగ్గేసి ఉంటుంది. మామూలు రోజున, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య వెళ్తే రాత్రి భోజనం ఏమిటో, రాత్రి డ్యూటీకి ఎవరున్నారో రెండూ తెలుస్తాయి.

ముందు మరుగుదొడ్లు చూడండి. లోపలి గడియ బయట నుంచి తీయడానికి వీలుందా? లేకపోతే లోపల పడిపోయిన మనిషిని బయటికి తేవాలంటే తలుపు పగలగొట్టాలి. ర్యాంపు ఉందని చూపిస్తే దాని మొదలు, చివర చూడండి. చక్కగా సిమెంటు ర్యాంపు కట్టి, పైన గుమ్మం దగ్గర గడప అలాగే వదిలేసిన ఇళ్లు ఉంటాయి. చక్రాల కుర్చీ అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. ఆ గడప ఎత్తు మీ నోట్‌బుక్‌లో రాసుకోండి.

మందులు ఎక్కడ పెడతారో అడగండి. ఒక్కొక్కరికీ పేరు రాసిన డబ్బా ఉందా, లేక అందరి బీపీ, షుగర్ బిళ్లలూ ఒకే బుట్టలో ఉన్నాయా? ఆ బుట్టలోంచి రాత్రి తొమ్మిదింటికి మందులు తీసి ఇచ్చే మనిషికి ఇంగ్లీషు చదవడం వచ్చా? బిళ్ల రంగు చూసి ఇచ్చే చోట మందు మారిపోవడానికి ఎంతో సేపు పట్టదు. డాక్టరు వస్తున్నారని చెబితే చివరిసారి వచ్చిన తేదీ రిజిస్టర్‌లో చూపించమనండి.

వంటగదిలో పాల లెక్క పనికొస్తుంది. మెనూ బోర్డు మీద ఏమైనా రాసుకోవచ్చు. రోజుకు ఎన్ని లీటర్లు తీసుకుంటున్నారు, ఎంతమంది ఉన్నారు అన్న రెండు అంకెలు చాలు, మజ్జిగ ఎంత పల్చనో తెలిసిపోతుంది.

తరవాత పెద్దవాళ్లతో మాట్లాడండి, మేనేజరు పక్కన లేనప్పుడు. "ఇక్కడ ఎలా చూసుకుంటున్నారమ్మా?" అంటే "బాగా చూసుకుంటున్నారు బాబూ" అనే వస్తుంది. అలా అడగొద్దు. "నిన్న రాత్రి కూరేమిటి పెద్దమ్మా?" "పింఛను మీ చేతికే వస్తోందా బాబాయ్?" "ఫోను ఎక్కడుంటుంది, ఎవరితోనైనా మాట్లాడాలంటే ఎవరినడగాలి?" ఇలా చిన్నవి అడగండి. ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ ఎవరి దగ్గరున్నాయో మాటల్లో కనుక్కోండి. వాళ్ల అనుమతి లేకుండా ఫొటో తీయొద్దు, పేరు ఎక్కడా రాయొద్దు. అర్జీలో "ఒక నివాసి" అంటే చాలు.

ఒంటి మీద దెబ్బలు కనిపించినా, ఎవరినైనా కట్టేసినట్టు చూసినా, తిండి మాన్పించారని తెలిసినా ఇక కింది అడుగులేవీ ఆలోచించొద్దు. వెంటనే 112కు ఫోన్ చేయండి. ఆపైన వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు చెప్పండి. అది ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మానసిక జబ్బు ఉందన్న సాకుతో గొలుసులు వేయడాన్ని 2017 చట్టం నేరుగా నిషేధించింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి ఒక కాగితం ఇవ్వడం కూడా మంచిది, వాళ్ల నంబరు 15100.

నాలుగో అడుగు: కాగితాలు రాబట్టండి

చూసి వచ్చిన వెంటనే ఫిర్యాదు రాయాలని చేయి లాగుతుంది. ఒక్క నెల ఓపిక పట్టి ముందు సమాచార హక్కు దరఖాస్తులు వేయండి. ఆఫీసు దగ్గర ఏ ఫైలుందో, ఏది లేదో తెలిసాక రాసే అర్జీకి బరువుంటుంది. మన రాష్ట్రాల నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు నకలు జతచేస్తే అదీ అక్కర్లేదు. జవాబుకు గడువు 30 రోజులు.

మున్సిపాలిటీలో పౌర సమాచార అధికారిని ఇవి అడగండి: ఫలానా డోరు నంబరు భవనానికి ఇచ్చిన అనుమతి నకలు, ఆస్తి పన్ను రికార్డులో ఆ భవనాన్ని నివాసంగా చూపారా, మరో వాడకంగా చూపారా, గత రెండేళ్లలో శానిటరీ సిబ్బంది అక్కడ చేసిన తనిఖీల తేదీలు, నోటీసుల నకళ్లు. పన్ను రికార్డు ప్రశ్న చిన్నదే గానీ చాలా చెబుతుంది. నలభై మంది ఉండే ఇల్లు రికార్డులో ఇప్పటికీ ఒక కుటుంబం ఉండే ఇల్లుగానే ఉంటే, మున్సిపాలిటీకి అక్కడ ఆశ్రమం ఉందనే సంగతి కాగితం మీద తెలియదన్నమాట.

జిల్లా సంక్షేమ శాఖను అడగాల్సింది వేరు: జిల్లాలోని వృద్ధాశ్రమాల జాబితా, గ్రాంటు అందుతున్నవాటి పేర్లు, ఏడాదివారీగా మొత్తాలు, తనిఖీ నివేదికల నకళ్లు, 22వ సెక్షన్ కింద ఉన్న కార్యాచరణ ప్రణాళిక నకలు. జాబితా లేదని రాసిస్తే అదీ మంచిదే. వృద్ధుల హక్కుల కోసం వేసిన అశ్వనీ కుమార్ కేసులో 2018 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో జిల్లాకు ఎన్ని ఆశ్రమాలున్నాయో రాష్ట్రాల నుంచి వివరాలు తెప్పించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఇన్నేళ్ల తరవాత కూడా జాబితా లేదంటే ఆ ముక్కే మీ అర్జీలో మొదటి వాక్యం అవుతుంది.

"ఎందుకు చేయలేదు?" అని సమాచార దరఖాస్తులో అడగొద్దు. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వక్కర్లేదని తోసేస్తారు. ఉన్న కాగితం నకలు అడగండి, అంతే.

అయిదో అడుగు: ఒక ఆఫీసుకు ఒక అర్జీ

అన్ని సమస్యలూ కలిపి నాలుగు పేజీల అర్జీ రాసి సీఎం నుంచి కమిషనర్ దాకా అందరికీ నకళ్లు పెడితే అది అందరి చేతుల మీదుగా తిరిగి ఎవరి దగ్గరా ఆగదు. ఒక్కో ఆఫీసుకు దాని ముక్క మాత్రమే, ఒకే పేజీలో రాయండి. నమూనా ఇలా ఉండొచ్చు:

"గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి. విషయం: ఫలానా వార్డు, ఫలానా వీధిలోని వృద్ధాశ్రమం వద్ద డ్రైనేజీ, తాగునీటి తనిఖీ కోరుతూ. అయ్యా, పై చిరునామాలో సుమారు నలభై మంది వృద్ధులు ఉంటున్నారు. భవనం వెనక కాలువ పూడిపోయి మురుగు వంటగది గోడ దాకా నిలుస్తోంది. ఫలానా తేదీన తీసిన ఫొటోలు జతచేశాను. మీ కార్యాలయం ఇచ్చిన సమాచారం ప్రకారం రెండేళ్లుగా అక్కడ శానిటరీ తనిఖీ జరగలేదు. దయచేసి కాలువ పూడిక తీయించి, నీటి నమూనా పరీక్ష చేయించి, తీసుకున్న చర్యను పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఇందులో ఆశ్రమం యజమాని మీద ఒక్క మాట లేదు, గమనించండి. మున్సిపాలిటీ చేయాల్సిన పనే ఉంది. దీనివల్ల నిర్వాహకులు కూడా మీకు అడ్డురారు. కొన్నిచోట్ల వాళ్లే సంతకం పెడతారు, ఎందుకంటే ఆ కాలువతో వాళ్లూ విసిగిపోయి ఉంటారు.

గదుల కొలత, సిబ్బంది, మందులు, పింఛను వంటివి కలెక్టర్ పేరిట రాయండి. తెలంగాణలో సోమవారం ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ఆంధ్రప్రదేశ్‌లో 1100కు ఫోన్ చేసి కూడా నమోదు చేయించొచ్చు. ఏ దారిలో ఇచ్చినా నంబరున్న రసీదు లేకుండా కౌంటర్ దగ్గరి నుంచి కదలొద్దు. "సిస్టమ్ డౌన్ ఉంది, తరవాత మెసేజ్ వస్తుంది" అంటే మీ దగ్గరి నకలు మీద స్టాంపు, తేదీ వేయించుకోండి.

ఆరో అడుగు: కౌన్సిల్ సమావేశం దాకా తీసుకెళ్లండి

అర్జీతో ఒక కాలువ బాగుపడుతుంది. ఏటా బడ్జెట్‌లో పార్కు బెంచీలకు, ర్యాంపులకు, డే కేర్ సెంటరుకు డబ్బు రావాలంటే కౌన్సిలర్ నోటి నుంచి రావాలి. వార్డు కౌన్సిలర్‌ను సమావేశానికి వారం పదిరోజుల ముందే కలవండి. ఎజెండా తయారయ్యాక వెళ్తే "వచ్చేసారి చూద్దాం" అంటారు. చేతికి ఒకే ఒక్క ప్రశ్న రాసివ్వండి: మన పట్టణంలో ఎన్ని వృద్ధాశ్రమాలున్నాయి, గత ఏడాది వాటిలో ఎన్నిటిని శానిటరీ విభాగం చూసింది? దీనికి కమిషనర్ సభలో జవాబు చెబితే అది మినిట్స్‌లోకి, అంటే సమావేశం రికార్డులోకి ఎక్కుతుంది. ఆ మినిట్స్ నకలు తరవాత మీకు ఆయుధం. పాలకవర్గం లేక ప్రత్యేకాధికారి నడుపుతున్న కాలమైతే అదే ప్రశ్న ఆయనకే రాతపూర్వకంగా ఇవ్వండి.

తెలంగాణ 2019 మున్సిపల్ చట్టంలో మంచి ఏర్పాటు ఒకటుంది. ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరుల పేరిట నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో పదిహేనుమంది సభ్యులు ఉండాలి. మీ వార్డులో వయోవృద్ధుల కమిటీ సభ్యులెవరో కమిషనర్ ఆఫీసులో అడగండి. పేర్లున్నా సమావేశాలు లేకపోతే ఆ సంగతే కౌన్సిలర్ చేత అడిగించండి. ఆశ్రమంలో ఓటు హక్కున్నవాళ్లలో ఒకరికి ఈ కమిటీలో చోటిప్పించగలిగితే ఇంకా మంచిది.

ఊళ్లయితే గ్రామసభ. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. సభలో మాట్లాడి ఊరుకోవద్దు. తీర్మానం పుస్తకంలో రాయించి, ఆ పేజీ నకలు తీసుకోండి.

ఏడో అడుగు: ఆశ్రమం గోడ బయట ఉన్నవాళ్లు

మన పెద్దవాళ్లలో చాలామంది ఆశ్రమంలో ఉండరు, తాళం వేసిన ఇంట్లో ఒంటరిగా ఉంటారు. పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటారు. వీళ్లకు అందాల్సిన సేవల మీద కూడా ఇలాగే కన్నేసి ఉంచాలి.

పింఛను మొదటిది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, సచివాలయ సిబ్బంది ఇంటికే తెచ్చిస్తారు. మనిషి వేరే ఊరి ఆశ్రమానికి మారినప్పుడు పింఛను కూడా అక్కడికి మార్పించారో లేదో చూడండి. లేకపోతే పాత ఊళ్లో ఎవరి వేలిముద్రతో ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. ఆసుపత్రి రెండోది: ప్రభుత్వాసుపత్రుల్లో వృద్ధులకు వేరే క్యూ ఉండాలని 2007 చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. కౌంటర్ పైన బోర్డు ఉండి కింద ఒకే క్యూ ఉంటే సూపరింటెండెంట్‌కు ఒక లైను రాసివ్వండి.

పిల్లలు చూడకపోతే పోషణ ఖర్చు కోసం పెద్దవాళ్లు అదే చట్టం కింద ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ పెద్దవాళ్లకు చేతకాకపోతే వాళ్లు అధికారం ఇచ్చిన మరో మనిషో సంస్థో వేయొచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, కారణం రాసి మరో 30 రోజులు పొడిగించొచ్చు. చట్టంలో ఉన్న గరిష్ఠ మొత్తం నెలకు 10,000 రూపాయలు. ఈ రోజుల్లో మంచి ఆశ్రమంలో రెండు వారాలకు కూడా అది చాలకపోవచ్చు. నచ్చకపోతే 60 రోజుల్లో అప్పీలు.

ఆస్తి రాసిచ్చి మోసపోయినవాళ్లకు, ఆ రాసివ్వడాన్ని రద్దు చేయించుకోవడానికి అదే చట్టంలో 23వ సెక్షన్ ఉంది. దీనిలో కిటుకు ఉంది. తనను చూసుకోవాలన్న షరతుతోనే ఆస్తి ఇచ్చానని చూపించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. వృద్ధుల వైపు నుంచి ఉదారంగా చూడాలని 2025 జనవరిలో మరో తీర్పులో చెప్పినా, గిఫ్ట్ డీడ్‌లో ఆ షరతు రాసుంటే పోట్లాటే ఉండదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా రిజిస్ట్రార్ ఆఫీసుకు బయల్దేరుతుంటే ఆ ఒక్క వాక్యం రాయించమనండి. కొడుకు నొచ్చుకుంటాడేమో అని మొహమాటపడతారు. పడనివ్వొద్దు.

జవాబు రాకపోతే

సమాచార దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే ఆఫీసులో మొదటి అప్పీలు అధికారికి మరో 30 రోజుల్లోపు అప్పీలు వేయాలి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు. ఈ తేదీలు కాలండర్ మీద రాసిపెట్టుకోండి, గడువు దాటితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు.

అర్జీ రసీదు నంబరు ఆన్‌లైన్‌లో చూస్తే ఒక్కోసారి "పరిష్కరించబడింది" అని ఉంటుంది, కాలువ మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు కొత్త అర్జీ ఇవ్వొద్దు. పాత నంబరే రాసి, ఆ రోజు పేపరు పక్కన పెట్టి తీసిన కాలువ ఫొటో జతచేసి, ఆ అర్జీని తిరిగి తెరవమని అదే సోమవారం అదే కౌంటర్‌లో ఇవ్వండి.